సముద్రం పక్కన సోఫా

ఆ రోజు పొద్దున్న జాగ్రత్తగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారగానే బస్సెక్కాలి, మధ్యాహ్నానికల్లా సముద్రపు ఒడ్డున హోటల్లో దిగాలి, రెండు రోజులుండి తిరిగి రావాలి. మామూలు మనుషులైతే ఈ మాత్రం దానికి నాలుగు బట్టలు సర్దుకుని బయల్దేరతారు. జాగ్రత్తగారు నెల రోజుల నుంచీ సిద్ధమవుతున్నారు.

జాగ్రత్తగారు అన్నది ఆయన అసలు పేరు కాదు. ఆయన ఒక రంగుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ఎక్కడ నిప్పు అంటుకుంటుంది, ఎవరు మెట్ల మీద కాలు జారతారు, ఏ తీగ ఎప్పుడు తెగుతుంది అని అందరికంటే ముందు దిగులుపడడం ఆయన ఉద్యోగం. దిగులుపడినందుకు జీతం కూడా ఇస్తారు. నెలకోసారి చెప్పాపెట్టకుండా సైరన్ మోగించి, పనివాళ్ళందరినీ ఆవరణలోకి పరుగెత్తించి, ఆఖరున వచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదువుతారు. ఈ తంతుకు డ్రిల్లు అని పేరు. జాగ్రత్తగారు అని పేరుపెట్టింది ఆ పరుగెత్తినవాళ్ళే. అది ఆయన చెవినా పడింది. మెచ్చుకుంటున్నారనుకున్నారు.

ఈ డ్రిల్లులు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయి ఉంటే మనకీ కథే లేదు. ఫోన్లు చేసి కార్డుల వివరాలు లాగే దొంగల గురించి ఆయన ఎక్కడో చదివారు. ఆనాటి నుంచి ఇంట్లోనూ డ్రిల్లులు మొదలయ్యాయి. మధ్యాహ్నం భోజనాల వేళ గొంతు మార్చి ఇంటికి ఫోన్ చేసేవారు. ఒకరోజు బ్యాంకు మేనేజరు, ఒకరోజు లాటరీ కంపెనీవాడు, ఒకసారైతే ఏకంగా ఆడగొంతు. భార్య ఆ వేళకు ఉద్యోగంలో ఉంటుంది కాబట్టి, ఆయనకు చిక్కేది ఇంట్లో ఉండే అత్తగారు ఒక్కరే. ఆవిడ చిన్నపిల్లల బడిలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎవరేం చెప్పినా నమ్మడం ఆవిడకు వృత్తిరీత్యా అబ్బిన గుణం. లాటరీ కంపెనీవాడికి అడిగిన వివరాలన్నీ ఇచ్చి, భోజనం అయిందా నాయనా అని కూడా అడిగారు.

ప్రతిసారీ సాయంత్రం జాగ్రత్తగారు ఎంతో మర్యాదగా, "ఈసారి కూడా ఫెయిలయ్యారు అత్తయ్యగారూ" అనేవారు. జన్మంతా పిల్లలకు మార్కులు వేసిన చేతులవి. ఆవిడకు ముద్ద దిగేది కాదు. ఒక్కసారైనా ఈ అల్లుడి నోటి వెంట శభాష్ అనిపించుకోవాలని లోలోపల పంతం పట్టారు.

ఇక ఆయన భార్య. కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఊళ్ళో సగం మందికి దూరపు చూపు సరిచేసిన ఆవిడ ఇంతవరకూ సముద్రం చూడలేదు. పుట్టి పెరిగిందంతా ఎండిపోయిన మెట్ట ప్రాంతం. పెళ్ళయ్యాక చూపిస్తానన్న మనిషి ఒక ఏడాది అలలు ఎక్కువగా ఉన్నాయన్నారు, ఒక ఏడాది ఎండ ఎక్కువన్నారు, ఇంకో ఏడాది బస్సు టైర్ల గురించి ఏదో చదివానన్నారు. ఈసారి ఆవిడ ముందు సెలవు పెట్టేసి, సముద్రం కనిపించే గది ఫోన్లోనే మాట్లాడేసి, ఆ తర్వాత భర్తకు చెప్పింది. మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తానంది. భార్య ఒక్కతే నీళ్ళ దగ్గర నిలబడి ఉన్న దృశ్యం కళ్ళ ముందు కదిలేసరికి జాగ్రత్తగారు ఒప్పుకోక తప్పలేదు.

ఒప్పుకున్నాక ఆలోచించడం మొదలుపెట్టారు. ప్రయాణంలో డబ్బు ఎక్కువ దగ్గరుంచుకోకూడదు, జేబుదొంగలుంటారు. కాబట్టి కార్డు. కార్డు వాడినప్పుడల్లా బ్యాంకు నుంచి సందేశాలు వచ్చే ఫోను వేరే ఉంది. కార్డూ ఫోనూ ఒకే మనిషి దగ్గరుంటే దొంగకు రెండూ ఒకేసారి దొరుకుతాయి. కాబట్టి కార్డు ప్రయాణం చేస్తుంది, ఫోను ఇంట్లో ఉంటుంది. తాళాన్నీ తాళంచెవినీ ఒకే సంచీలో పెట్టుకుని ఎవరైనా ఊరెళ్తారా అని భార్యను అడిగారు. అందరూ అలాగే వెళ్తారంది ఆవిడ. అందుకే అందరూ మోసపోతున్నారన్నారు ఈయన.

ఆ విధంగా ఫోను అత్తగారి చేతికి వచ్చింది. గుమ్మంలో నిలబడి జాగ్రత్తగారు ఆఖరి పాఠం చెప్పారు. ఎవరేమడిగినా కాదనాలి. కోడ్ ఏదైనా వస్తే ఎవరికీ చెప్పకూడదు. సాక్షాత్తూ తానే అడిగినా, కాళ్ళ మీద పడినా చెప్పకూడదు. అర్జెంటు అన్నవాడు దొంగ. ఈ రోజుల్లో యంత్రాలతో మనిషి గొంతులు, తెలిసిన నంబర్లు కూడా తయారు చేస్తున్నారు కాబట్టి గొంతునూ నంబరునూ నమ్మకూడదు. అనుమానం వస్తే ఫోన్ పెట్టేసి, వంటింటి గోడకు తాను అంటించిన కాగితంలోని బ్యాంకు, హోటల్ నంబర్లకు ఆవిడే స్వయంగా చెయ్యాలి. ఆ రెండు రోజుల్లో డ్రిల్లు ఎప్పుడైనా రావచ్చని కూడా హెచ్చరించారు. అత్తగారు బుద్ధిగా తలాడించారు. భార్య అప్పటికే వీధిలో నిలబడి ఉంది.

దారిలో బస్సు ఒకచోట ఆగింది. భార్య మొహంలో వెలుగు చూసి జాగ్రత్తగారి మనసు కాస్త కరిగింది. పెళ్ళినాటి నుంచీ బయట కాఫీ ముట్టని మనిషి, రెండు కాఫీలు చెప్పి కార్డుతో డబ్బు కట్టారు. కాఫీ బాగానే ఉందని కూడా అన్నారు. ఆ ఉత్సాహం మీదే పక్క దుకాణంలో ఆవిడ చూస్తూ నిలబడిన వెడల్పు అంచుల టోపీ కొనబోయారు. ఈసారి కార్డు పనిచెయ్యలేదు. యంత్రాలను నమ్మకూడదని దుకాణదారుడికి నచ్చజెప్పి, జేబులో ఉన్న కాస్త డబ్బూ టోపీకి ఊడ్చి ఇచ్చేశారు.

ఆ రెండు పనులకూ మధ్య ఇంట్లో ఏం జరిగిందో ఆయనకు తెలీదు. కాఫీ చల్లారకముందే అత్తగారి దగ్గరున్న ఫోనుకు సందేశం వచ్చింది. మీ కార్డు కొత్త చోట వాడారు, అది మీరేనా అని అడుగుతూ, అవుననడానికి ఒక మీట, కాదనడానికి ఒక మీట ఇచ్చారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ఇది దొంగైనా కావాలి, డ్రిల్లైనా కావాలి. దొంగైతే డబ్బు దక్కుతుంది, డ్రిల్లైతే పరువు దక్కుతుంది. ఎటు చూసినా జవాబు ఒకటే. కాదని నొక్కేశారు.

వెంటనే బ్యాంకు అమ్మాయి ఫోన్ చేసింది. ఆడగొంతు వినగానే అత్తగారు నవ్వి, కిందటిసారి కంటే చాలా బాగా కుదిరింది బాబూ అని మెచ్చుకున్నారు. బ్యాంకు అమ్మాయి తేరుకుని, రెండు కాఫీలు కొన్నది మీవాళ్ళు కాదని రూఢిగా చెప్పగలరా అని అడిగింది.

"నువ్వెవరైనా సరే, ఒక మాట చెప్తాను విను. గిన్నెలు ఎలా కడుగుతారో చూడందే మా అల్లుడు బయట మంచినీళ్ళు కూడా ముట్టడు. ఆ కార్డుతో రోడ్డు మీద రెండు కాఫీలు కొన్నాడంటే, వాడు మా అల్లుడు కాడు."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. బ్యాంకు అమ్మాయి తన ఉద్యోగంలో ఇంత గట్టి సాక్ష్యం ఎన్నడూ విని ఉండదు. కార్డు అక్కడికక్కడే ఆగిపోయింది.

మధ్యాహ్నం దంపతులిద్దరూ హోటల్లో అడుగుపెట్టారు. బస్సు దిగినప్పటి నుంచీ గాలిలో ఉప్పు తగులుతోంది. హోటల్ ముందరి హాలు వీధి వైపుకు ఉంది. సముద్రం వెనక వైపు. హాల్లో ఒక సోఫా, దాని వెనక ఒక గోడ, ఆ గోడకు అవతల సముద్రం. హోరు మాత్రం వినిపిస్తోంది. టోపీ చేత్తో పట్టుకుని భార్య గోడ వైపు తిరిగి నిలబడిపోయింది. గది తాళాలు చేతికి రాగానే ముందు కిటికీ తెరవాలని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది.

రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి కార్డు గీసింది, యంత్రం వైపు చూసింది, మళ్ళీ గీసింది. తర్వాత నీళ్ళు నములుతూ, ఈ కార్డు తిరిగి ఇవ్వకుండా మా దగ్గరే ఉంచుకోమని వస్తోంది సార్ అంది. కంటితోనే గుమ్మం దగ్గరున్న గార్డుకు సైగ చేసింది. గార్డు వచ్చి జాగ్రత్తగారి పక్కన నిలబడ్డాడు.

ఇంకొకరైతే ఒంటికాలి మీద లేచేవారు. జాగ్రత్తగారికి ముందు వచ్చింది కోపం కాదు, వృత్తిపరమైన ఆసక్తి. నువ్వు నిలబడాల్సింది నా పక్కన కాదు, నాకూ తలుపుకూ మధ్య అని గార్డుకు చెప్పారు. గార్డు జరిగాడు. సైగ మరీ అంత కనబడేలా చెయ్యకూడదమ్మా, దొంగ జాగ్రత్తపడతాడని రిసెప్షన్ అమ్మాయికి చెప్పారు. ఆ అమ్మాయి సరేనంది కానీ కార్డు మాత్రం సొరుగులో వేసి తాళం పెట్టింది. చాలా బాగుందన్నారు ఆయన.

భార్య ఫోన్లోంచి బ్యాంకుకు చేస్తే, వాళ్ళు చాలాసేపు సంగీతం వినిపించి, ఇంట్లో ఉన్న ఫోనుకు కోడ్ పంపామనీ, అది చదివి వినిపిస్తే కార్డు వదిలేస్తామనీ అన్నారు. ఇంతేకదా అనుకుని జాగ్రత్తగారు ఇంటికి ఫోన్ చేశారు.

"అత్తయ్యగారూ, నేనే."

"దొంగలంతా ముందు నేనే అనే అంటారని మా అల్లుడు చెప్పాడు. తర్వాత?"

"మీ దగ్గరున్న ఫోనుకి ఒక కోడ్ వచ్చుంటుంది. అది చెప్పండి. చాలా అర్జెంటు."

అటు నుంచి తృప్తిగా ఒక నిట్టూర్పు వినబడింది. "ఇంకా అనలేదేంటా అని చూస్తున్నా. అర్జెంటు కూడా అయిపోయింది." ఫోన్ పెట్టేశారు.

ఎంత బాగా చేశారో చూశావా అని జాగ్రత్తగారు భార్యతో అనబోయి, ఆవిడ మొహం చూసి మానేశారు. మళ్ళీ చేశారు. ఈసారి తాను అల్లుడినేనని రుజువు చేయడానికి ఇంటి గుట్లన్నీ ఏకరువు పెట్టారు. ఏ కుళాయి కారుతుందో, అత్తగారు మోకాలి మందు ఏ అరలో పెడతారో, ఆవిడ రహస్యంగా చక్కెర ఎన్ని చెంచాలు వేసుకుంటారో అన్నీ చెప్పారు. ఇల్లంతా గాలించేశావన్నమాట అని అత్తగారు హడలిపోయి, లేచి తలుపులన్నీ గడియలు పెట్టుకున్నారు.

ఆఖరికి భార్య ఫోన్ తీసుకుంది.

"అమ్మా, నేను. నా గొంతు కూడా గుర్తుపట్టలేవా?"

"గొంతులు కూడా తయారు చేస్తున్నారట. చూడమ్మా, మా పిల్ల చిన్నప్పటి నుంచీ సముద్రం చూడాలని కొట్టుకుపోతోంది. ఈపాటికి నీళ్ళలో ఉంటుంది. అంత దూరం వెళ్ళి హోటల్లో కూర్చుని నాకు ఫోన్లు చేస్తుందా? ఇంకెవరికైనా చెప్పు."

భార్య ఫోన్ ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుండిపోయింది. జాగ్రత్తగారు ఎదురుగా అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆ తిరగడంలో అత్యవసర ద్వారానికి అడ్డంగా కుర్చీలున్నాయని కనిపెట్టి గార్డుతో తీయించారు. మంటలార్పే సిలిండరు మీది తేదీ చూసి రిసెప్షన్ అమ్మాయిని చీవాట్లు పెట్టారు. గోడకు అవతల సముద్రం తన పని తాను చేసుకుపోతోంది.

ఒకసారి వెళ్ళి చూసి వద్దామా అని భార్య మెల్లగా అడిగింది. బ్యాగులు దిక్కులేకుండా వదిలి ఇద్దరూ వెళ్ళడం కుదరదన్నారు ఆయన. పోనీ తానొక్కతే వెళ్తానంది. నీళ్ళ దగ్గరకు ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదన్నారు. పోనీ బ్యాగులు పట్టుకుని వెళ్దామంది. అనుమానితుడిగా తాను ఇక్కడ ఉండడం పద్ధతి అన్నారు. ఆయన చెప్పిన మూడూ సరైనవే. మూడూ కలిపితే ఆవిడ ఆ సోఫాలోంచి కదలడానికి వీల్లేదు.

"అమ్మ సరిగ్గానే చెప్పిందండీ" అంది ఆవిడ. "నేను నిజంగా నేనే అయితే ఇక్కడెందుకు కూర్చుంటాను?"

ఆయన ఏదో అనేలోపు లేచి, టోపీ పెట్టుకుని, గార్డును దాటుకుని వెళ్ళిపోయింది. వెనక్కి కూడా చూడలేదు.

జాగ్రత్తగారు కాసేపు గుమ్మం వైపు చూశారు. కాసేపు బ్యాగుల వైపు చూశారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఊహించని ప్రమాదం లేదు. కానీ ఈవిడ ఇలా విసిగి వెళ్ళిపోతుందని మాత్రం ఎన్నడూ ఊహించలేదు. ఆమె ఏళ్ళ తరబడి అడిగింది ఒకే ఒక్కటి. దాన్ని గోడకు అవతల పెట్టి, ఇటు పక్కన సోఫాలో కూర్చోబెట్టింది తానే. మొదటిసారిగా ఆయనకు సిగ్గేసింది. మరుక్షణమే, ఆవిడ ఒంటరిగా నీళ్ళ దగ్గర ఉందని గుర్తొచ్చింది.

కాళ్ళు నొప్పెట్టి విప్పుకున్న చెప్పులు అక్కడే ఉన్నాయి, బ్యాగులు అక్కడే ఉన్నాయి. జాగ్రత్తగారు పరుగు లంకించుకున్నారు. తలుపుకు అడ్డంగా నిలబడమని ఆయనే నేర్పిన గార్డు, బ్యాగు తీసుకోబోతున్నారేమోనని ఆ ఒక్క క్షణం బ్యాగుల వైపు జరిగాడు. తేరుకుని వెంటపడ్డాడు.

సరిగ్గా అప్పుడే రిసెప్షన్‌లో ఫోన్ మోగింది. కూతురి గొంతు విన్నప్పటి నుంచీ అత్తగారికి కాలు నిలవలేదు. నమ్మకూడదు, కానీ ఆ గొంతులో ఏడుపు ఉంది. యంత్రాలు ఏడుస్తాయని అల్లుడు చెప్పలేదు. అనుమానం వస్తే ఏం చెయ్యమన్నాడో గుర్తుచేసుకుని, వంటింటి గోడ మీది హోటల్ నంబరుకు తానే చేశారు.

"అమ్మా, మీ దగ్గర కార్డు పనిచెయ్యక ఎవరైనా కూర్చున్నారా? మీ పని మీకే నేర్పించే మనిషి?"

"ఉన్నారండీ" అంది రిసెప్షన్ అమ్మాయి కంగారుగా. "ఇప్పటిదాకా ఉన్నారు. ఇప్పుడే పారిపోయారు, బ్యాగులు కూడా వదిలేసి."

"బ్యాగులు వదిలేశాడా? అయితే మా అల్లుడు కాదులే తల్లీ. ప్రాణమైనా వదులుతాడు గానీ మా అల్లుడు బ్యాగులు వదలడు."

"వాళ్ళావిడ సముద్రం దగ్గరికి ఒక్కరే వెళ్ళిపోయారండీ. ఆవిడ వెనకాలే పరుగెత్తారు. చెప్పులు కూడా వేసుకోలేదు."

అత్తగారు మెల్లగా అన్నారు. "వెళ్ళిందా? అయితే అది మా పిల్లే. వాడూ మా అల్లుడే."

ఆ పైన బ్యాంకుకు కూడా గోడ మీది నంబరు చూసే ఫోన్ చేశారు. ఇందాక కాదన్నాను, ఇప్పుడు అవునంటున్నానన్నారు. బ్యాంకు అమ్మాయి ఆవిడను ఇట్టే గుర్తుపట్టింది. మీ అల్లుడు కాఫీ తాగరన్నారు కదండీ అని నిలదీసింది. ఇవాళ తాగాడమ్మా, ఇంకా చాలా చేశాడని చెప్పి, మళ్ళీ వచ్చిన సందేశానికి అత్తగారు అవునని నొక్కారు. కోడ్ మాత్రం ఎవరికీ చెప్పలేదు. బ్యాంకుకు కూడా.

ఒడ్డున భార్య మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. టోపీ ఎప్పుడో గాలికి ఎగిరిపోయింది. జాగ్రత్తగారు రొప్పుతూ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. గార్డు రొప్పుతూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఎవరూ మాట్లాడేలోగా ఒక పెద్ద అల వచ్చి ముగ్గురినీ నడుం దాకా తడిపేసి వెళ్ళింది. ముందు నవ్వింది భార్య. ఆ నవ్వు చూసి గార్డు కూడా నవ్వాడు. ఆఖరున జాగ్రత్తగారు.

"తప్పు నాదే" అన్నారాయన. "ముందే తీసుకురావాల్సింది."

"ఇప్పుడు తెచ్చారుగా" అంది ఆవిడ, చెయ్యి వదలకుండా.

కార్డు బాగైందనీ, ఇంటి నుంచి పెద్దావిడ ఫోన్ చేశారనీ రిసెప్షన్ అమ్మాయి హోటల్ వెనక ప్రహరీ గోడ మీంచి కేకేసి చెప్పింది. భార్య తడవకుండా పైజేబులో దాచుకున్న ఫోన్ తీసి అమ్మకు చేసి, మాట్లాడకుండా దాన్ని అలల వైపు పట్టుకుంది. అవతల అత్తగారు చాలాసేపు విన్నారు. ఆవిడదీ ఆ మెట్ట ఊరే.

"ఇదేనా?" అన్నారు చివరికి. "ఎప్పుడూ ఇలాగే అరుస్తుందా?"

"ఎప్పుడూ ఇలాగేనట అమ్మా."

జాగ్రత్తగారు ఫోన్ అందుకున్నారు. డ్రిల్లు ఊసెత్తలేదు. వచ్చే నెల మళ్ళీ వద్దామనీ, ఈసారి అత్తయ్యగారు కూడా రావాలనీ అన్నారు. అవతల నుంచి ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

"వస్తాను బాబూ. కానీ ఆ ఫోన్ దగ్గర ఎవరుంటారు?"

ఆ సంగతి జాగ్రత్తగారు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. బస్సు టిక్కెట్లు మాత్రం మూడు తీసేశారు.